దమ్ పెట్టిన మోటారు

మొన్న మా ఆడపడుచు మంగళగిరి దగ్గర కొత్త ఫ్లాట్‌లో దిగితే చూసి రావడానికి వెళ్లాను. వంటగదిలో గట్టు మీద ఒక యంత్రం ఉంది. అదే తరుగుతుందట, అదే రుబ్బుతుందట, అదే ఉడికిస్తుందట. ఇప్పుడు ఉప్పు వెయ్యి, ఇప్పుడు మూత పెట్టు అని తెర మీద రాసి మరీ చెబుతుందట. “వదినా, ఇంక మనకి పనేం లేదు, అది చెప్పింది వినడమే” అని మురిసిపోతూ అందులో కొబ్బరి పచ్చడి మొదలుపెట్టింది. రెండు నిమిషాలకి అది గుర్రుమని ఆగిపోయి తెర మీద ఎర్రగా ఏదో రాసింది. ఇంటిల్లిపాదీ ఫోన్లు తీశారు. ఒకరు కస్టమర్ కేర్‌కి, ఒకరు వీడియోలు వెతకడానికి.

నేను గోడకి తగిలించిన చెక్క గరిటె తీసి, ఒక కొన యంత్రం నడుముకి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకున్నాను. “ఒక్కసారి తిప్పి ఆపు” అన్నాను. తిప్పింది. మోటారుకి ఏ రోగమూ లేదు, పైన బ్లేడు దగ్గరే ఏదో పట్టేస్తోంది. జార్ ఖాళీ చేయించి బోర్లించి కొడితే చింతగింజ రాలింది. మా ఆడపడుచు భర్త నోరు తెరుచుకుని చూసి, “అక్కయ్యగారూ, ఇదెక్కడ నేర్చుకున్నారండీ?” అన్నాడు.

“మిక్సీ ఆపా దగ్గర” అన్నాను. ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్లకి ఆమె తెలీదు. మా సింగ్‌నగర్‌లో మాత్రం ఆమెని తెలియని వంటిల్లు లేదు. పోయిన రంజాన్ వెళ్లిన కొన్నాళ్లకి ఆమె కూడా వెళ్లిపోయింది. ఆ రోజు ఎందుకో నాకు కన్నీళ్లు రాలేదు. మంగళగిరి నుంచి తిరిగొస్తూ, బస్సు వారధి ఎక్కి కిటికీలోంచి కృష్ణ కనబడగానే, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏడ్చేశాను. ఆ ఏడుపులో దుఃఖం కన్నా గర్వమే ఎక్కువ. దాచుకోవడం దేనికి?

ఆమె అసలు పేరు నాకు తెలీదంటే నమ్మరు. కొట్టు మీద బోర్డు ఆమె భర్తది. మోటారు వైండింగ్ చేసేవాడట, నేను ఆ వీధికి రాకముందే పోయాడు. బోర్డు మీద ఆయన పేరు వెలిసిపోయి సగం అక్షరాలే మిగిలాయి. “మార్పించండి ఆపా” అని ఎవరైనా అంటే, “బోర్డు చూసి వచ్చేవాళ్లు ఎవరున్నారు? మిక్సీ ఆగితే కాళ్లే ఇటు తిరుగుతాయి” అనేది. ఆ కొట్టులో ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్లు వీధిలో నిలబడాలి. చీర కొంగు తల మీదుగా తెచ్చి రెండు చెవుల వెనక్కీ దోపుకుని, కళ్లజోడుకి దారం కట్టి మెళ్లో వేసుకుని, చిన్న పీట మీద కూర్చుని పని చేసేది. దగ్గరికెళ్తే వార్నిష్ వాసన, వెల్లుల్లి వాసన కలిసి వచ్చేవి.

మిక్సీ తీసుకెళ్తే ముందు విప్పేది కాదు. “ఏం వేశావ్ ఇందులో?” అని అడిగేది. లోకంలో ఏ ఆడదీ ఆ ప్రశ్నకి నిజం చెప్పినట్టు నేను చూడలేదు. “ఏమీ వెయ్యలేదండీ, కొబ్బరి రెండు ముక్కలు. ఉన్నట్టుండి ఆగిపోయింది” అంటారు. ఆపా నాలుగు మరలూ విప్పి, మోటారు ముక్కు దగ్గర పెట్టుకునేది. “పసుపు కొమ్ములు” అనేది. ఎదురుగా ఉన్నావిడ మొహం పసుపుపచ్చగా మారిపోయేది. ఒకసారి మా వీధిలో ఒకావిడ వేడివేడి టమాటా గుజ్జు మూత బిగించి తిప్పితే అది పేలి గోడంతా ఎర్రబడింది. అయినా కొట్టుకొచ్చి కొబ్బరనే చెప్పింది. ఆపా జార్ మూతలో గింజ గోటితో తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, “మీ ఇంట్లో కొబ్బరికాయకి టమాటా గింజలొస్తాయా అమ్మా?” అంది. ఆవిడతో సహా అందరం పడీపడీ నవ్వాం.

బాగుచేశాక ఉత్త జార్ తిప్పి ఇచ్చేది కాదు. “ఉత్తిగా తిప్పితే ఏ మోటారైనా పాట పాడుద్ది. బరువు మీద నిజం చెప్పుద్ది” అనేది. అందుకని మిక్సీ తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు పచ్చడికి కావలసినవి వెంట తెచ్చుకోవాలి. వేయించిన కందిపప్పు, ఎండుమిరప, ఏది రోజూ ఇంట్లో చేసుకుంటారో అది. అక్కడే నూరి, ఆ పచ్చడి కాస్త ఆమె నాలిక మీద, కాస్త మన నాలిక మీద వేసి, ఇద్దరూ ఊఁ అంటేనే మిక్సీ చేతికొచ్చేది. రంజాన్ నెలలో ఆమె ఉపవాసం కదా, నాలిక మీద వేసుకునేది కాదు. వేళ్ల మధ్య రాసి చూసి, “మెత్తదనం నేను చూశా, రుచి నువ్వు చెప్పు. అబద్ధం చెప్పావంటే నా రోజా పాపం నీకు” అని బెదిరించేది.

రోలు గొప్ప, మిక్సీ తక్కువ అనేవాళ్లంటే ఆమెకి ఒళ్లు మంట. రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చినప్పుడల్లా అదే పాట. “ఎన్ని మిక్సీలొచ్చినా రోటి పచ్చడి రుచి రాదమ్మా. మా అమ్మ నూరితే వీధి చివరికి వాసనొచ్చేది” అన్నాడు ఒకరోజు.

“మీరు ఎప్పుడన్నా నూరారా మాస్టారూ?” అంది ఆపా.

“నేనా? నేనెందుకు నూరతాను?”

“అదేనండి సంగతి. రోలు గొప్పదని చెప్పేవాళ్లంతా విస్తరి ముందు కూర్చున్నవాళ్లే. రోలు ముందు కూర్చున్నోళ్లు ఒక్కళ్లు కూడా నా దగ్గర ఆ మాటనలేదు.”

అని ఊరుకోలేదు. ఆయన తెచ్చిన మిక్సీలోనే గోంగూర, మిరపకాయలు వేసి, బటన్ వెనక్కి తిప్పడం, వదలడం, మళ్లీ తిప్పడం, వదలడం. ప్రతిసారీ మూత తీసి స్పూనుతో పైది కిందికి తోసింది. “రుచి రాతిలో లేదండి. ఆగి ఆగి నలగడంలో ఉంది. మీవాళ్లు బటన్ నొక్కి సీరియల్ చూడటానికి పోతారు, పచ్చడి పేస్టయిపోద్ది” అంది. మాస్టారు ఒక వేలు నాకాడు. రెండోసారి కూడా నాకాడు. ఆ తర్వాత మా వీధిలో రోటి ప్రశంస వినపడలేదు. ఆ రోజు నేర్చుకున్న పద్ధతిలోనే ఇప్పటికీ మా ఇంట్లో పచ్చళ్లు.

నా సంగతి చెప్పాలి. మా ఆయన ఆటో నడుపుతాడు. నేను ఇంట్లో పెద్ద గ్రైండరు పెట్టుకుని ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బి అమ్ముతాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కొంటారు, ఇద్దరు టిఫిన్ బండ్లవాళ్లు కొంటారు. బండ్లవాళ్ల మీదే నా బతుకు నడిచేది.

బుడమేరు వాగు పొంగి మా ఇళ్ల మీదికొచ్చిన ఏడాది అందరికీ గుర్తే. మేం పక్కింటి మేడ మీదున్నాం. గ్రైండరు ముగ్గురు మనుషులు పట్టినా లేవని బరువు, కిందే వదిలేశాం. ఆటో కూడా నీళ్లలోనే. ఆపా కొట్టు పైకప్పు దాకా మునిగింది. నీళ్లు లోపలికి వస్తున్నప్పుడు ఆమె బియ్యం బస్తా వదిలేసి రాగితీగ చుట్టలు మేడెక్కించిందట. ఆమె కోడలు ఇప్పటికీ ఆ మాట తలుచుకుని తిడుతుంది. “బియ్యం ఎవరైనా పడవలో తెచ్చిస్తారే. తీగ ఎవడు తెస్తాడు?” అందట ఆపా.

నీళ్లు మోకాళ్ల దాకా దిగి జనం ఇళ్లల్లో అడుగు పెడుతున్నప్పుడు, పొద్దున్నే, కరెంటు లేక బ్యాటరీ మీద నడిపిస్తున్న మసీదు మైకులోంచి ఆమె గొంతు వినిపించింది. అక్కడి పెద్దాయన, ఏం చెప్పాలో చెప్పమ్మా నేను చెబుతాను అన్నాడట. “మీ గొంతు విని ఏ ఇల్లాలు ఆగుద్ది భాయ్? నన్నే చెప్పనీయండి” అందట.

“అమ్మల్లారా, అక్కల్లారా, మిక్సీ ఆపాని మాట్లాడుతున్నా. మునిగిన మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, ఏదీ ప్లగ్గు పెట్టి చూడకండి. ఎండిందిగా అని పెట్టకండి. పైన ఎండుద్ది, లోపల బురదుంటది. పెట్టకపోతే బతుకుద్ది, పెడితే చస్తది. ఆగండి. కడిగి ఇస్తా, ఆగండి.”

అక్కడితో ఆగకుండా, ఆ మైకు కాలవ అవతలికి వినపడదని బురదలో నడుచుకుంటూ రామాలయానికి వెళ్లి అక్కడి మైకులో కూడా ఇదే చెప్పింది. రెండు మైకుల్లోనూ విన్నదాన్ని నేను. రెండుసార్లూ తల ఊపినదాన్ని నేను.

అయినా పెట్టాను. ఏం చెప్పను! గ్రైండరు కడిగి, రెండు రోజులు ఎండబెట్టాను. ఎండ కూడా సరిగ్గా లేదు. మూడో రోజు కరెంటొచ్చింది. అదే గంటలో బండి అతను ఫోన్ చేశాడు. “అక్కా, ఇంకో నాలుగు రోజులు చూస్తా. తర్వాత ప్యాకెట్ పిండి వాళ్లతో మాట్లాడేసుకుంటా. ఏమనుకోవద్దు” అన్నాడు. రెండో బండి అతను అప్పటికే ప్యాకెట్లు మొదలుపెట్టాడని కూడా చెప్పాడు. ఆటో ఇంజన్ విప్పి షెడ్డులో పడేసి ఉంది. ఇంట్లో ఇంకే ఆధారం లేదు. గ్రైండరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశాను. ఒక్క చుట్టు తిరిగింది. తర్వాత మాడిన వాసన. హారతిచ్చి మరీ చంపాను నా గ్రైండర్ని.

మోటారు విప్పించి, గోనెసంచిలో కట్టుకుని, నేనే చంకనెత్తుకుని ఆపా దగ్గరికి పోయాను. కొట్టు ముందు మిక్సీలు వరసగా రోడ్డు దాకా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని కింద పేరు రాసిన చీటీ. ఆపా కుడి అరచేతికి పెద్ద కట్టు. బురద ఎత్తేటప్పుడు రేకు కోసుకుందట, వేళ్లు లావుగా వాచి ఉన్నాయి. ఎడం చేత్తో మిక్సీలు విప్పుతోంది.

“ప్లగ్గు పెట్టావా?” అంది.

“లేదాపా” అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె సంచి విప్పను కూడా లేదు. నా మొహం వంక చూసి, “మళ్లీ అడుగుతున్నా” అంది. నేను రోడ్డు మీదే కూర్చుని భోరుమన్నాను. బండి అతని ఫోన్, నాలుగు రోజులు, ఆటో, అన్నీ వరస తప్పి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “చెయ్యి చూపించు” అంది. నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“కాయిల్స్ అన్నీ మాడిపోయుంటాయి. కొత్తగా చుట్టాలి. నా చేతితో ఇప్పుడు కాదు. బయటిస్తే నెల రోజులంటారు, ఊరంతా మునిగింది. నువ్వే చుట్టాలి.”

“నేనా? నాకేం వచ్చాపా?”

“పిండి ఎప్పుడు చాలో చేత్తో చూసి చెప్తావా లేదా? దానికన్నా కష్టం కాదు ఇది. కూర్చో.”

కూర్చున్నాను. మాడిన తీగ తీసెయ్యడానికే ఒక పూట పట్టింది. లోపల గాడులు బ్రష్షుతో కడిగి, ఒక్కోదాంట్లో కాగితం దోపాలి. తర్వాత చెక్క అచ్చు మీద కొత్త తీగ చుట్టాలి. లెక్కపెట్టుకుంటూ చుట్టాలి, ఒక్క చుట్టు తేడా రాకూడదు. నేను పెదవులు బిగించుకుని, ఎవరు పలకరించినా పలకకుండా చుట్టాను. మూడో కాయిల్ దగ్గర మా పక్కింటావిడ వచ్చి, “ఏంటమ్మాయ్, ఉద్యోగం మారిందా?” అని నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వేసరికి లెక్క పోయింది. అరవై రెండో అరవై ఐదో గుర్తు లేదు. అరవై ఐదనుకుని మిగతావి చుట్టేశాను.

“సరిపోయిందా?” అంది ఆపా.

“సరిపోయింది.”

ఆమె ఒక అరచేతిలో ముందు చుట్టిన కాయిల్, రెండో అరచేతిలో ఇది పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత దీని కొస పట్టి లాగి, చుట్టంతా విప్పేసింది. విప్పిన తీగ నా ఒళ్లో కుప్పగా పడింది. నా ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. అమ్మ చేతి దెబ్బ తిన్నప్పుడు కూడా అంత సిగ్గుపడలేదు. మొదటినుంచీ చుట్టాను. ఆ తర్వాత ఎప్పుడు లెక్క తప్పినా, “ఆపా, పోయింది” అని నేనే చెప్పి విప్పేశాను. ఇంకా రెండుసార్లు విప్పాను.

రెండో రోజు సాయంత్రానికి కాయిల్స్ అన్నీ గాడుల్లో కూర్చున్నాయి. దారంతో కట్టి, వార్నిష్ పోసి, బొట్లు కారేదాకా తలకిందులుగా వేలాడదీశాం. ఇక ఆ వార్నిష్ గట్టిపడాలి. మామూలుగా అయితే రెండెండలు చాలు. ఆకాశం చూస్తే మూసుకుని ఉంది. నాలుగు రోజుల్లో రెండు అయిపోయాయి. నేను మబ్బుల వంక, ఆపా వంక మార్చి మార్చి చూస్తున్నాను.

ఆమె లోపలికి కేకేసింది. “డేక్సా తీయండే!”

కోడలు తెచ్చింది. పండక్కి బిర్యానీ వండే పెద్ద డేక్సా అది. “అత్తమ్మా, అందులోనా!” అని కోడలు నెత్తి కొట్టుకుంది. ఆపా వినలేదు. అడుగున రెండు వేళ్ల మందాన ఇసుక పోయించింది, దాని మీద ముక్కాలి పీట, పీట మీద నా మోటారు. మూత కాస్త ఓరగా పెట్టించి, వీధిలో మూడు ఇటుకల మీద ఎక్కించి, కింద సన్నగా బొగ్గుల సెగ పెట్టింది. “పొయ్యి ఎక్కువైతే తీగ పైన పూత మాడుద్ది. తక్కువైతే పచ్చిగా ఉండిపోద్ది. దమ్ అంటే ఇదే. నలభై ఏళ్లుగా పెడుతున్నా, బియ్యానికైతే ఏంటి, మోటారుకైతే ఏంటి!” అంది. ఆ వీధిన పోయేవాళ్లు డేక్సా చూసి ఆశగా ఆగేవాళ్లు. వాసన చూసి ముక్కు మూసుకుని పోయేవాళ్లు. ఆపా పీట వేసుకుని డేక్సా పక్కనే కూర్చుని, చెయ్యి మూత మీద ఆనించి వేడి చూస్తూ, బొగ్గులు అటొకటి ఇటొకటి జరిపించింది. నేను ఆమె పక్కన కూర్చుని మనసులో దుర్గమ్మకి మొక్కుకుంటూనే ఉన్నాను.

మూడో రోజు పొద్దున తీసి చూస్తే వార్నిష్ తేనె రంగులో మెరుస్తోంది. గోరు దిగలేదు. బిగించాం. బల్బు పెట్టి పరీక్ష చేసింది. తర్వాత ప్లగ్గు నా చేతికిచ్చింది.

“మీరు పెట్టండాపా” అన్నాను.

“ఎవరు చుట్టారో వాళ్లే పెట్టాలి.”

పెట్టాను. సన్నగా, ఒకే స్వరంతో తిరిగింది. ఆగలేదు. వాసన రాలేదు. నేను చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆపా చెక్క గరిటె మోటారుకి ఆనించి చెవికి పెట్టుకుని చాలాసేపు విని, “పో, పప్పు నానబెట్టుకో” అంది. అంతే. మెచ్చుకోవడం ఆమెకి రాదు, నేనూ ఆశపడలేదు. ఆ మధ్యాహ్నమే గ్రైండరు బిగించి రుబ్బాను. నాలుగో రోజు తెల్లారేసరికి బండి అతని ముందు పిండి గిన్నె పెట్టాను. అతను వేలితో తీసి చూసి, “అదే పిండక్కా” అన్నాడు. ఆ మాటకి నాకు కడుపు నిండిపోయింది.

ఆ పొద్దున్నే నాలుగు ఇడ్లీలు గిన్నెలో పెట్టుకుని ఆపా కొట్టుకి వెళ్లాను. అప్పటికే వెనక వీధి అపార్ట్‌మెంట్లో ఉండే బ్యాంకు ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ నా దగ్గర పిండి కొంటుంది. ఏనాడూ గుమ్మం లోపలికి రాలేదు, రోడ్డు మీంచే “ఏమ్మా, పిండుందా?” అని అడుగుతుంది. చంకలో మునిగిన మిక్సీ పట్టుకుని, “నాది కాస్త ముందు చూడండి ఆపా, పిల్లలకి క్యారేజీలు కట్టాలి” అని బతిమాలుతోంది.

ఆపా కట్టుకట్టిన చెయ్యెత్తి చూపించింది. “నాకు ఈ నెలంతా వేళ్లు వంగవమ్మా” అంది. తర్వాత తల తిప్పి నన్ను చూపించింది. “ఆమెకివ్వండి. గ్రైండరు మోటారు చుట్టిన మనిషి. నా దగ్గరే పని చేస్తుంది.”

నేనెప్పుడు పనిలో చేరానో నాకే తెలీదు. బ్యాంకు ఆవిడ నా వంక ఎగాదిగా చూసింది. నా చీరకి పిండి మరకలున్నాయి, చేతిలో ఇడ్లీ గిన్నె ఉంది. ఒక్క క్షణం తటపటాయించి, గిన్నె నా చేతుల్లోంచి తీసి అరుగు మీద పెట్టి, మిక్సీ నా చేతుల్లో పెట్టింది.

“ఎప్పటికిస్తారండీ?” అంది.

ఆపా వైపు చూశాను. ఆమె ఎడం చేత్తో వేరే మిక్సీ మర తిప్పుకుంటోంది, తలెత్తలేదు.

“ఎల్లుండి సాయంత్రం రండి” అన్నాను.